వాలు గడ్డకట్టే దాకా

లారీజాన్ కొండల్లో వాలక్ అనే అడవి ఉల్లాకు కోసుకునేవాళ్ళు చీకటితోనే బయలుదేరతారు, రాళ్ళ వాలు మీద ఎండ పడకముందే తిరిగి దాటేస్తారు. రాత్రి చలికి బిగుసుకున్న రాళ్ళను బూట్లకు తొడుక్కున్న ఇనప ముళ్ళ పట్టీలు కరుచుకుని నిలుస్తాయి. ఎండ తగిలి మంచు కరిగిందంటే అవే రాళ్ళు మూతి విప్పిన బస్తాలోని శనగల్లా జారిపోతాయి.

ఆ రోజు షాబాన్‌కూ అతని భార్య గులందామ్‌కూ ఆలస్యమైంది. ఆకు అంత బాగా వచ్చింది మరి. నగరం నుంచి వచ్చేవాళ్ళలా గులందామ్ మొక్కను వేళ్ళతో పీకదు, ఒక్కో మొక్క నుంచి ఒక్కో ఆకు కత్తితో కోస్తుంది. "పోదామా" అని షాబాన్ రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగకుండా తనూ పక్కన కూర్చుని కోశాడు.

తిరిగి వచ్చేటప్పుడు ముందు అతను దాటాడు. గట్టెక్కి వెనక్కి చూసేసరికి ఆమె వాలు మధ్యలో ఉంది. ఆమె ఎడమ బూటు మడమ దగ్గర రబ్బరు పట్టీ ఊడి, గొలుసుతో, ముళ్ళతో సహా కిందికి జారిపోయింది. కాలికింద రాళ్ళు కదిలాయి. ఆమె కూలబడి, మట్టిలో దిగబడి ఉన్న మోకాలెత్తు బండను కావలించుకుంది. రాళ్ళు ఆమె పక్కనుంచి చాలాసేపు పారాయి. వాలు అంచు తర్వాత నది దాకా మధ్యలో ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

"దెబ్బ తగిలిందా?"

"లేదు. నువ్వు రాకు."

అతను అప్పటికే ఒక అడుగు వేశాడు. అతనున్న చోటు ఆమెకు కాస్త ఎగువన. ఆ ఒక్క అడుగుకే చిన్న రాళ్ళు దొర్లి ఆమె భుజం మీదుగా దూకాయి.

"రావద్దన్నానా? నన్ను కిందికి తోస్తే గాని నీకు తృప్తి లేదా?"

అతను కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆ లోయలో ఫోను ఎప్పుడూ పలకదు. ఊళ్ళోకి దిగి, మనుషులనూ తాడునూ తెచ్చేసరికి పొద్దుపోతుంది.

"వెళ్ళిరా. నేనెక్కడికీ పోనులే," అంది గులందామ్.

అతను బయలుదేరాడు. మలుపు దగ్గరికి వచ్చేసరికి "షాబాన్" అని పిలుపు వినబడింది. ఏమిటన్నాడు. ఏమీ లేదంది. అతను వెనక్కి వచ్చి, ఆమెకు కనబడేలా గట్టు మీద కూర్చున్నాడు. మళ్ళీ వెళ్ళమని ఆమె అనలేదు.

కూర్చున్నాక ఒక ఆలోచన వచ్చింది. తన పట్టీ ఒకటి విప్పాడు.

"విసురుతా. పట్టుకుంటావా?"

"పెళ్ళిలో మీ అమ్మ విసిరిన మిఠాయే పట్టుకోలేదు నేను."

విసిరాడు. అది ఆమెకు చెయ్యి అందీ అందనంత దూరంలో పడింది. ఆమె వంగింది. కావలించుకున్న బండ మట్టిలో కొంచెం మెదిలింది. ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. పట్టీ కాసేపు ఎండకు మెరుస్తూ ఉండి, తర్వాత చప్పుడు లేకుండా జారి వెళ్ళిపోయింది.

ఇద్దరూ దానికేసే చూశారు.

"బాగుంది," అంది ఆమె. "ఇప్పుడు నీకొకటి, నాకొకటి. ఇద్దరం కలిస్తే ఒక మనిషి."

షాబాన్‌కు నవ్వు రాలేదు. చెయ్యగలిగిన ఒక్క పనీ చేసి, ఉన్నదాన్ని సగం చేశాడు. ఇక చలి కోసం చూడటమే మిగిలింది. నీడ పడి, వాలు మళ్ళీ బిగుసుకోవాలి. కానీ ఆమె ఒంటిమీద చెమటకు తడిసిన పల్చటి ఉన్ని చొక్కా ఒక్కటే ఉంది. కోటు బరువని పొద్దున అతని సంచిలో పెట్టింది. అది విసిరినా ఆమె మళ్ళీ వంగాలి, బండ ఊడొస్తుంది. చలి రాళ్ళకు తగలాలి, ఆమెకు తగలకూడదు. దేవుణ్ణి అలా ఎలా అడగాలో అతనికి తెలియలేదు. గాలి మాత్రం వీచలేదు. ఆ మాత్రానికే లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం వాలాక పడమటి శిఖరం నీడ మెల్లగా వాలు మీదికి పాకి, ముందు ఆమెనే అందుకుంది. ఆమె గడ్డం వణకడం అతనికి ఇక్కడి నుంచే కనబడుతోంది.

"నిద్రపోకు."

"నీ గురక లేనిదే నాకు నిద్రెక్కడ పడుతుంది?"

"ఏదో ఒకటి మాట్లాడు."

"పులావు అడుగున కరకరలాడే మాడు ముక్క నీకు పెట్టను. మొత్తం నేనే తింటా."

"తిను."

అతను అంత తేలిగ్గా ఒప్పుకోవడంతో ఆమెకు భయం వేసినట్టుంది. బండను ఇంకా దగ్గరగా హత్తుకుంది.

అతను మధ్యమధ్య ఒక గులకరాయి విసిరి చూస్తున్నాడు. ఎండలో అది పడ్డచోట నాలుగు రాళ్ళను వెంటేసుకుపోయేది. ఈసారి టక్కుమని ఎగిరి, ఒంటరిగా దొర్లుకుంటూ వెళ్ళింది. షాబాన్ లేచాడు. ముళ్ళున్న కాలు నిలిచింది. ముళ్ళు లేనిది మోపగానే పక్కకు జారింది.

"అక్కడే ఉండు. నేనే వస్తా," అంది ఆమె.

ఆమె కూర్చునే జరగడం మొదలుపెట్టింది. కుడికాలి ముళ్ళు గుచ్చడం, చేతుల మీద ఒళ్ళు ఈడ్చుకోవడం, ఆగడం.

"కుడి పక్క ఆ నల్లరాయి పట్టుకో. కాదు, దాని పైది. మడమ గట్టిగా..."

"మాట్లాడకు షాబాన్. నీ గొంతుకు రాళ్ళ చప్పుడు వినబడట్లేదు."

పొద్దుటినుంచీ ఆమెకు ఇవ్వగలిగింది మాట ఒక్కటే. ఇప్పుడు అదీ వద్దంది. అతను నోరు మూసుకున్నాడు. ముళ్ళు కరకరమన్నప్పుడల్లా ఊపిరి పీల్చుకున్నాడు. మధ్యలో ఒకసారి ఆమె జారింది. చొక్కా చేతిని పళ్ళతో గట్టిగా కరిచి పట్టుకున్నాడు, అరవలేదు. ఎక్కడో ఒకచోట ముళ్ళు అందుకున్నాయి. ఆమె ఆగి, ఆయాసం తీర్చుకుని, మళ్ళీ జరిగింది.

చివరికి ఆమె మోచెయ్యి అందేంత దగ్గరికి వచ్చింది. అతను బోర్లా పడుకుని ఆమె చొక్కా మెడపట్టు దొరకబుచ్చుకున్నాడు. ఎవరు ఎవరిని లాగుతున్నారో తెలియలేదు. గట్టు మీదికి వచ్చాక ఇద్దరూ అలాగే పడి ఉన్నారు.

కోటు తొడగబోతే ఆమె కుడి చెయ్యి దూరలేదు. పిడికిట్లో ఒక రాయి ఉంది.

"వదిలెయ్యి."

"వదిలేశాననుకున్నా."

అతను వేళ్ళు విప్పబోయాడు. చలికి కొయ్యబారి అవి విచ్చుకోలేదు. గట్టిగా లాగడానికి భయమేసింది. ఎదురుగా దిగాల్సిన దారి అప్పటికే మసకబారుతోంది. రాయితో సహా ఆ పిడికిలిని రెండు చేతుల మధ్య పెట్టుకుని, మీద నోటితో ఊదుతూ కూర్చున్నాడు.

"ఇంకాసేపు," అంది ఆమె.

అతను తలూపి, ఊదుతూనే ఉన్నాడు.