ఆడవాళ్ల వంతు

“కాఫీ పెట్టి ఉంచు హెల్కా, మేం బయటికొచ్చేసరికి పొగలు కక్కుతుండాలి,” అంటూ మా ఆయన యర్మో తువ్వాలు భుజాన పడేసుకుని పెరట్లోని ఆవిరి స్నానాల గది, సౌనా వైపు నడిచాడు. వెనకే అతని కంపెనీ భాగస్వామి వెసా. మా అత్తగారింట్లో శనివారం సౌనాలో మొదటి వంతు మగవాళ్లది, రాళ్లు బాగా కాగి ఉన్నప్పుడు. మిగిలిన ఆవిరి మాకు.

దాల్చినచెక్క రొట్టెలు పళ్లెంలో సర్దుతుంటే వసంతంలో ఇలాంటిదే ఒక శనివారం గుర్తొచ్చింది. సరస్సు ఒడ్డున కుటీరాలు అద్దెకిచ్చే ఆయిలీ గారి వెబ్‌సైట్ రాసింది నేను. కంపెనీ మాత్రం యర్మో, వెసాలది. “ఇంట్లోనేగా ఉంటావు, కాస్త చూసిపెట్టు,” అన్న మాటే నా ఉద్యోగం. అద్దె లెక్కకట్టడం, తేదీ ఖాళీగా ఉందో లేదో చెప్పడం ఫంక్షన్లుగా, అంటే ఒక్కో పని చేసే చిన్న చిన్న కోడ్ ముక్కలుగా రాశాను. ఇచ్చింది తీసుకుంటాయి, జవాబు చెబుతాయి, ఏదీ మనసులో పెట్టుకోవు. అతిథి బుకింగ్ ఒక్కటే క్లాస్‌గా, అంటే వివరాలు దాచుకునే అచ్చుగా రాశాను. వాళ్లు తేదీలు మార్చుకుంటారు, పడకలు పెంచుకుంటారు, అదంతా గుర్తుండాలి. అందుకే ఆ అచ్చులోంచి ప్రతి అతిథికీ కొత్తగా ఒకటి పుట్టాలి, పని తీరాక పోవాలి. గుర్తుంచుకోవలసింది ఉంటేనే క్లాస్, లేకపోతే ఫంక్షన్ చాలు. ఏది ఎక్కడో తేల్చుకోవడానికి నేను పడ్డ ఆలోచన తుడిచిన నేలలాంటిది, ఎవరి కంటికీ ఆనదు.

ఆ శనివారం ఇద్దరూ ఎర్రబడ్డ మొహాలతో బయటికొచ్చారు. “సౌనాలో తేల్చేశాం,” అన్నాడు వెసా. “అంతా ఒకే క్లాస్‌లో పెట్టేద్దాం. ఈ ముక్కలన్నీ పిల్లలాటలా ఉన్నాయి.”

“ఆ ఒక్కదాన్నే అందరికీ వాడితే ఒకరి వివరాలు ఇంకొకరికి కనిపిస్తాయి,” అన్నాను.

“నీవన్నీ వంటింటి భయాలు,” అని నవ్వాడు యర్మో.

“మగవాళ్లు తేల్చుకున్నాక మళ్లీ నీ సొద ఏంటమ్మాయ్? రొట్టెలు చల్లారుతున్నాయి,” అన్నారు అత్తగారు.

నా ముక్కలన్నీ కలిపి కుట్టేసి, పైన రూపకర్తగా యర్మో తన పేరు రాసుకున్నాడు. వేసవి రద్దీ మొదలైంది. ఈ వారం ఒకావిడ తన బుకింగ్ తెరిస్తే వేరొకరి పేరు, ఫోన్ నంబరు కనిపించాయి. ఆయిలీ గారు ఇవాళ మగవాళ్లు సౌనాకి వెళ్లకముందే స్వయంగా వచ్చారు. నేను పక్కనే ఉండగా యర్మో ఆవిడతో, “మా ఆవిడ ఏదో కెలికినట్టుంది, సోమవారానికి సరిచేయిస్తా,” అన్నాడు. తర్వాత వంటింట్లోకొచ్చి, “నోరు మెదపకు. రేపు కూర్చుని నీ పాత పద్ధతికి మార్చేయ్, ఎవరికీ తెలీదు,” అన్నాడు.

మార్చేస్తే నిజంగానే ఎవరికీ తెలియదు. తప్పు నాదిగా, దిద్దుబాటు అతనిదిగా మిగిలిపోతుంది. కాఫీకని గిన్నెలో పోసిన నీళ్లు తొట్టిలో పారబోసి, రొట్టెల మీద గుడ్డ కప్పి నా తువ్వాలు తీసుకున్నాను.

మగవాళ్లు బయటికొచ్చాక, సౌనాకని ఆగిన ఆయిలీ గారూ నేనూ లోపలికి వెళ్లాం. అత్తగారు బీపీ అని రాలేదు. ఇద్దరం చెక్కబల్ల మీద చెమటలు కక్కుతూ కూర్చున్నాం.

“నిజంగా నువ్వే కెలికావా?” అడిగారావిడ.

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ మొహం తుడుచుకున్నారు. “నా అతిథుల వివరాలు వీధిన పడకూడదు. సరిచేయడం నీవల్ల అవుతుందా?”

“అవుతుంది. కానీ ఆ కంపెనీ కోసం చెయ్యను. నా పేరు మీదే చేస్తాను.”

ఆవిడ ఆలోచిస్తుండగానే తలుపు దబదబా మోగింది. “హెల్కా! కాఫీ ఏదీ? పొయ్యి కూడా వెలిగించలేదేం?”

“వెర్రివాడు,” అన్నారు ఆయిలీ గారు మెల్లగా. “సోమవారం కుటీరాల దగ్గరికి నువ్వొక్కదానివే రా.”

నేను గరిటెడు నీళ్లు రాళ్ల మీద పోశాను. ఆవిరి బుస్సున లేచింది.

“సౌనాలో ఉన్నాం యర్మో,” అన్నాను గట్టిగా. “తేల్చుకున్నాక చెబుతాం.”