కోళీ కూర లేని ఏడు

మృగశిర వచ్చి పది రోజులైంది. జవ్హార్ కొండల్లో వాన ఎడతెరిపి లేకుండా కొడుతోంది. పెరట్లో తగిరిస ఆకు జానెడు లేచి ఊరిస్తోంది. అయినా ఆ వార్లీ గూడెంలో ఒక్క పొయ్యి మీదా ఆకుకూర ఎక్కలేదు. ఎలా ఎక్కుతుంది? ముందు తొలకరికి కొండ వాలున మొలిచే కోళీ ఆకు కూర వండి హిర్వా దేవుడికి పెట్టాలి, తర్వాత గూడెంలో అందరికన్నా పెద్ద ప్రాణం తినాలి. అప్పటిదాకా కొత్త ఆకు గిల్లడమే తప్పు.

ఆ పెద్ద ప్రాణం జానీ తల్లి మాథీ. చూపు పోయింది. మూడు రోజులుగా గంజీ దిగడం లేదు. "కోళీ కూర ఒక్క ముద్ద పెట్టవే, పోతాను" అని ఒకటే పాట.

జానీ ఆ మూడు రోజులూ కొండ వాలంతా గాలించింది. ఒక్క మొక్క లేదు, అన్నీ గుంతలే.

ఎందుకుంటుంది పాపం! కోళీ ఆకు గోటితో గిల్లుకోవాలి, వేరు తాకకూడదు. ఇది పాలు తాగే పిల్లకీ తెలుసు. జానీకీ తెలుసు. కానీ నిరుడు దసరాకి మందుకి వేర్లు కొనే వర్తకుడొకడు అక్కా అక్కా అంటూ వచ్చాడు. అప్పుడు తల్లి మంచం మీద కప్పు కారుతోంది. వాడు నీలం టార్పాలిన్ పట్టా చేతిలో పెట్టాడు, ఈమె వేలెత్తి వాలు చూపించింది. నాలుగు మొక్కలు తవ్వుకుపోతాడులే అనుకుంది పిచ్చిమొహం. కొండంతా గుల్ల చేసి పోయాడు. ఆ టార్పాలిన్ కప్పు మీద పరిచి, పంచాయతీలో పంచారని తల్లికి చెప్పింది.

"ఏం వదినా, కొండ మీదే కాపురం పెట్టావా?" పక్కింటి బర్కీ గుమ్మంలోంచి కేకేసింది. "మీ అమ్మ నోరు తెరిస్తేగానీ మా పిల్లల నోట్లోకి ఆకు పోదు తల్లీ!"

జానీ నవ్వబోయింది, ఏడుపొచ్చింది. గబగబా లోపలికెళ్లి, పెరటి తగిరిస చిగుళ్లు తుంచుకొచ్చి, పప్పేసి, పచ్చిమిర్చి వేసి వండింది. దేవుడి ముందు పెట్టడానికి చేతులు రాలేదు. తిన్నగా తల్లి నోటికే అందించింది.

మాథీ నెమ్మదిగా నమిలింది. పైన పట్టా మీద వాన టపటపా కొడుతోంది.

"ఇది తగిరిసే జానీ."

"కాదమ్మా, కోళీయే. లేతది, అందుకే..."

"కళ్లు పోయాయి గానీ నాలుక పోలేదే నాకు." ముసలామె ముద్ద ఉమ్మేసింది. "కోళీ దొరకలేదంటే ఎవరో వేర్లు తవ్వుకుపోయుండాలి." వాన చప్పుడు వైపు మొహం తిప్పింది. "పైన ఆ పట్టా... పంచాయతీవాళ్లిచ్చింది కాదు కదే?"

జానీ తల్లి కాళ్ల మీద పడి భోరుమంది. మాథీ తిట్టలేదు. కాళ్లు మాత్రం వెనక్కి లాక్కుంది.

మర్నాడు పొద్దున్నే ముసలామె పోయింది, ఒంటి మీద చుక్క తడి లేకుండా, నోట్లో ముద్ద లేకుండా. శవం దగ్గర ఏడ్చి ఏడ్చి, లేచి వెళ్తూ బర్కీ మెల్లగా అడిగింది: "వదినా, మరి ఈ ఏడు కోళీ కూర ఎవరు తినాలి?"