తూము కాపలావాడు భయపడలేదు

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేకపోతోంది. పడమటి నుంచి వచ్చిన మబ్బులు మేడల మీద ఆగి, కురవాలా పోవాలా అని ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నాయి. ఒక్కచోట మాత్రం మబ్బు చిరిగి, ఆ చిరుగులోంచి దిగిన ఎండ వీధి చివర కోచింగు సెంటరు రేకుల మీద పడుతోంది. దర్జీ కూతురు దాన్నే చూస్తూ నడిచింది. పరీక్షకింకా ఇరవై రెండు రోజులు.

యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో వంద మార్కులుంటే, అందులో నలభై ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడానికే. ఒక పేరా ఇస్తారు. దాని కింద పది ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు. వాటిలో సరైనది ఎంచాలి. అలాంటి పేరాలు నాలుగు. మిగతా అరవై మార్కులూ ఆ పిల్ల ఎలాగో గట్టెక్కించగలదు. ఈ నలభై దగ్గరే ఊళ్లో సగం మంది బోల్తా కొడతారు. బోల్తా పడకుండా పట్టుకునే మనిషని వేలు మేస్టారికి పేరు.

ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. వేలితో చదివిస్తాడు కనక వేలు మేస్టారు. పేరా చదవొద్దంటాడు. ముందు ప్రశ్న చూడాలి. అందులో బరువైన మాట ఒకటి పట్టుకోవాలి. చూపుడు వేలు పేరా నెత్తిన పెట్టి కిందికి జార్చాలి. ఆ మాట ఎక్కడ తగిలితే అక్కడ ఆగి, పై వాక్యం ఒకటీ కింది వాక్యం ఒకటీ చదివి జవాబు పెట్టెయ్యాలి. మీరొచ్చింది తోటంతా తిరగడానికి కాదు, కాయ కోసుకుపోవడానికి అనేవాడు. మొదటి గదిలో నలభై ఒక్క వేళ్లు ఒకేసారి కాయితాల మీద జారుతుంటే, చేటలో గింజలు చెరిగినట్టు చప్పుడయ్యేది.

నలభై రెండో వేలు కదిలేది కాదు. దర్జీ కూతురు పేరా మొత్తం, మొదటి మాట నుంచి చివరి చుక్క దాకా, పెదాలు కదుపుతూ చదివేది. అందుకని ఆమెను తాబేలు అన్నారు. ఆ పేరుకు ఆమె కూడా పలికేది.

ఆ అలవాటు ఇంట్లో అబ్బింది. మెట్ల కింద గదిలో అమ్మ కుట్టుమిషను తొక్కుతూ, ఇవాళ ఏం చదివావే అని అడుగుతుంది. అమ్మకు ఇంగ్లీషు రాదు. పేరాలో ఉన్నది తెలుగులో పూసగుచ్చినట్టు చెప్పాలి. ఎవడు, ఎందుకు, అయితే ఏమయింది అంటూ అమ్మ దారానికి దారం లాగుతుంది. పేరా సగంలో ఆగిపోతే కోపమొచ్చేది. ఇది ఎవరు కత్తిరించారే, చొక్కా అడిగితే చెయ్యి ముక్క ఇచ్చినట్టుంది అని విసుక్కునేది. ఆవిడకు చెప్పాలంటే వేలు ఆగినచోట చదివితే చాలదు.

ఆ రోజు సెంటర్లో పెట్టిన పరీక్షలో వచ్చిన పేరా ఒక తూము కాపలావాడి గురించి. మూడు రోజుల వాన. చెరువు నిండింది. తూము ఎత్తమని పట్నం నుంచి అధికారి కబురు పంపాడు. కాపలావాడు ఎత్తలేదు. ఆ మనిషి భయపడ్డాడని, భయంతోనే ఎత్తలేదని అధికారి పైవాళ్లకు రాశాడు. ఇది పేరా మూడో వరసలో ఉంది. పదకొండో వరసకు వచ్చేసరికి సంగతి వేరు. కాపలావాడు కబురు అందగానే గట్టు దిగి, తూము కింది మట్టి మీద అరచెయ్యి ఆనించి నొక్కాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు పైకి వచ్చాయి. లేచి, పల్లంలో ఉన్న ఇళ్ల కప్పుల వైపు చూశాడు. మళ్లీ పైకెక్కి తూము చక్రం మీద చెయ్యేసి కూర్చున్నాడు. పేరా అక్కడితో ఆగింది.

ఏడో ప్రశ్న: కాపలావాడు తూము ఎందుకు ఎత్తలేదు? బి జవాబు, భయపడ్డాడు కనక. డి జవాబు, కింది గట్టు ఆ నీటికి ఆగదని తెలుసుకున్నాడు కనక.

ఆమె డి పెట్టింది. వసారా గోడకు అంటించిన జవాబుల కీలో బి ఉంది. కీ రాసింది వేలు మేస్టారే. పాత పుస్తకాల్లోంచి పేరాలు కత్తిరించడం, ప్రశ్నలు కట్టడం, జవాబులు తేల్చడం అన్నీ ఆయన చేతి పనే. వేలు జార్చే తేల్చి ఉంటాడు. పైనుంచి జారిన వేలు మూడో వరసలో భయం దగ్గర ఆగింది. పదకొండో వరస దాకా దానికి పోయే పని పడలేదు.

ఆ సెంటర్లో తప్పుల పుస్తకమని ఒకటుంటుంది. తప్పు చేసినవాళ్లు సరైన జవాబును ఎర్ర సిరాతో పదిసార్లు రాసి మేస్టారి చేత సంతకం పెట్టించుకోవాలి. సంతకం లేనివాళ్లకు మొదటి గదిలో చోటు లేదు. మొదటి గది బయట ఉన్నవాళ్లకు మేస్టారూ ఉండడు, ఆయన అలమారలోని పాత పరీక్ష పేపర్లూ ఉండవు.

ఆమె లేచి నిలబడి, పదకొండో వరస చదవమని మేస్టారిని అడిగింది. గది నవ్వింది. పరీక్ష హాల్లో గడియారం తాబేళ్ల కోసం ఆగదని మేస్టారు అన్నాడు. వాదించడానికి కాదు, రాసి తెమ్మన్నాడు.

"అతను భయపడ్డాడని పదిసార్లు రాయలేను సార్. పేరాలో అలా లేదు."

"అయితే వసారాలో కూర్చో. రాయాలనిపించినప్పుడు తలుపు కొట్టు."

ఆమె సంచీ తీసుకుని బయటికి నడిచింది. తలుపు మెల్లగానే వేసింది.

సాయంత్రం మేనమామ చేతుల గ్రీజు కడుక్కుంటూ అంతా విన్నాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. మాటకు ముందు నవ్వు, నవ్వుకు ముందు దగ్గు. పది వరసలు రాస్తే చెయ్యేమన్నా అరుగుతుందా అన్నాడు. "కోడలు పిల్లా, ఎర్ర దీపం తప్పుగా వెలిగినా సరే, బస్సు ఆపాల్సిందే. డ్రైవరు ఆగుతాడు, మళ్లీ బయల్దేరతాడు. దీపంతో దెబ్బలాటకు దిగితే బస్సు ఎక్కడికీ పోదు." మాటలో పస ఉంది.

అమ్మ మిషను ఆపింది.

"వేళ్ల సందున నీళ్లొచ్చాయన్నావే. అది కాయితంలో ఉందా, నువ్వు కలిపావా?"

పిల్ల కాయితం తెచ్చి ఆ వరస ఇంగ్లీషులో చదివింది. తర్వాత ఒక్కో మాటా విడదీసి తెలుగులో చెప్పింది. అమ్మ కళ్లు మూసుకుని విన్నది, రెండోసారి కూడా చెప్పించుకుంది.

"కొలత చీటీలో ముప్పైనాలుగని రాసి ఉంటుంది. మనిషి ఎదురుగా నిలబడితే ముప్పైఆరుంటుంది. నేను టేపు మనిషికే పెడతాను, చీటీకి కాదు" అన్నది అమ్మ. సూదిలో దారం ఎక్కించి, తలెత్తకుండానే ఇంకో మాట అన్నది. "నీకు సీటు రాకపోతే ఈ మిషను పక్కన ఇంకో మిషనుకు చోటుంది. కానీ నిన్నిక్కడ చూడాలని నాకు లేదు. అది మనసులో పెట్టుకుని, ఏం చేస్తావో చెయ్యి."

మామ దగ్గాడు. నవ్వలేదు.

వసారాలో ఒక బెంచీ, నీళ్ల డ్రమ్ము, గోడ గడియారం ఉన్నాయి. అవతల రెండో గది. అందులో పదకొండు మంది ఉండేవాళ్లు. వాళ్లకు కాయితాలూ కీ ఇస్తారు, అంతే. ఎవరి చావు వాళ్లు చావాలి. వాళ్లలో పాలవాడి కొడుకు నోటి దురద మనిషి. తాబేలమ్మగారు నీళ్ల డ్రమ్ము చూసుకుని వచ్చారా అన్నాడు మొదటి రోజే. మీరు ముందే ఈదుతున్నారని తెలిసి వచ్చానన్నదామె. అక్కడితో వాళ్లకు పొత్తు కుదిరింది.

రెండో రోజు ఇద్దరూ గడియారం కింద పందెం వేసుకున్నారు. ఒకే పేరా, పది ప్రశ్నలు. అతనిది వేలు పద్ధతి. ఆమె పేరా చదువుతుండగానే అతను మూడు జవాబులు పెట్టేశాడు. ఆమె తల వంచుకుని చదువుతూనే ఉంది. నాలుగున్నర నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ప్రశ్నకు అరనిమిషం చొప్పున పెట్టుకుంటూ పోయింది, వెనక్కి చూసే పని లేకుండా. అతను మాత్రం ప్రశ్న ప్రశ్నకూ పేరా నెత్తికెక్కి మళ్లీ జారాల్సి వచ్చింది. ఆమెకు తొమ్మిదిన్నర నిమిషాలైంది, అతనికి పన్నెండు. అతను గడియారం ఆగిందేమోనని బెంచీ ఎక్కి చెవి పెట్టి విన్నాడు. దిగి, ఇంకో పేరా తియ్యమన్నాడు.

అయిదో రోజుకు బెంచీ మీద ఆరుగురయ్యారు. ఒకరు ఒక వాక్యం బయటికి చదవాలి. పక్కవాళ్లు దాన్ని తెలుగులో చెప్పాలి. మిగతావాళ్లు అమ్మ అడిగినట్టే అడగాలి: ఎవడు, ఎందుకు, అయితే? మొదట్లో ఒక పేరా అయ్యేసరికి గంట పట్టేది. తెలియని మాట తగిలితే అందరూ ఎడ్లు మొరాయించినట్టు ఆగిపోయేవాళ్లు. ముందుకు చదవండి, తర్వాతి మాటే దీని సంగతి చెబుతుంది అని ఆమె అదిలించేది. చాలాసార్లు చెప్పేది. కొన్నిసార్లు చెప్పేది కాదు. అప్పుడు ఆ మాటను అక్కడే వదిలేసి నడిచేవాళ్లు.

ధైర్యంగానే ఉన్నట్టు కనబడేది గాని, మొదటి గదిలో పాత పేపర్ల కట్ట విప్పిన చప్పుడు వినబడినప్పుడల్లా ఆమె చదువుతున్న వాక్యం ఆపి తలుపు వైపు చూసేది. ఆ పేపర్లు ఆమెకూ కావాలి. ఇంకో పన్నెండు రోజులే ఉన్నాయి.

పదో రోజు పొద్దున మేస్టారు తలుపు తీసి కబురు చేశాడు. ఇదే ఆఖరు. తప్పుల పుస్తకం తెస్తే లోపలికి, లేకపోతే పేరు కొట్టేస్తాడు. ఆమె పుస్తకం ఇచ్చింది. ఎర్ర సిరాతో ఆరు పేజీలు నిండి ఉన్నాయి. మేస్టారి మొహం తేలికపడింది. పేజీ తిప్పాక ముడిపడింది.

"ఇదేంటిది? జవాబు రాయమన్నాను. నువ్వు పేరా ఎక్కించావు."

"పదిసార్లు రాయమన్నారు, పదిసార్లు రాశాను సార్. జవాబు ఇదే. ఇంతకన్నా పొట్టిగా రాయడం నాకు చేతకాలేదు."

ఆయన వేలు అలవాటు చొప్పున పేజీ మీదికి వెళ్లింది. మొదటి భయం దగ్గర ఆగింది. రెండో భయం దాకా పోవాలంటే మధ్యలో ఉన్నదంతా దాటాలి. వేలు కదిలింది. గట్టు దిగింది, మట్టి నొక్కింది, ఇళ్ల కప్పులు చూసింది. ఇంకో భయం వచ్చింది. మళ్లీ గట్టు దిగాల్సి వచ్చింది. మూడో పేజీ దగ్గర ఆయన వేలు తీసేసి, పుస్తకం రెండు చేతులా పట్టుకుని చదివాడు. బెంచీ మీదివాళ్లు నీళ్ల డ్రమ్ము వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆయన జేబులోంచి కలం తీసి చివరి పేజీ మీద సంతకం పెట్టాడు. "లోపలికి రా" అన్నాడు.

"కీ మార్చాక వస్తాను సార్."

"మూడు సెంటర్లలో ఉందమ్మా ఆ కీ. వెయ్యి కాయితాలు."

"వెయ్యి చోట్ల అతను పిరికివాడయ్యాడు సార్."

మేస్టారికి కోపం వచ్చింది. వాడు పేరాలో మనిషి, పుట్టాడో లేదో కూడా తెలియదన్నాడు. పుట్టకపోయినా, దిగి చూసింది అతనొక్కడేనని ఆమె అన్నది. ఆయన పుస్తకం ఆమె చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. తలుపు పడింది.

పాలవాడి కొడుకు మొదటిసారి ఏ వెటకారమూ ఆడలేదు. సంతకం దొరికాక కూడా బయట ఉండటం ఏం చదువని మెల్లగా అడిగాడు. ఆమెకూ తెలియలేదు. అమ్మ అన్న ఇంకో మిషను కళ్లెదుట కనబడింది. అయినా సంచీ సర్దలేదు. చేతిలో ఉన్న పేరాలో మనం ఎక్కడ ఆపామని అడిగింది. తేనెటీగల దగ్గర అన్నారెవరో. అక్కణ్నుంచి చదివారు.

కాసేపటికి తలుపు వెనక మేస్టారి గొంతు లేచింది. మూడు రోజుల వాన, చెరువు నిండటం, పట్నం నుంచి కబురు. మొదటి మాట నుంచి చదువుతున్నాడు. నిదానంగా, ఎక్కడా దాటెయ్యకుండా. మధ్యలో ఎవరో బి అని అరిచారు. నేనింకా అడగలేదు అన్నాడాయన. పదకొండో వరస అయ్యాక, ఏడో ప్రశ్న మళ్లీ చెయ్యమన్నాడు. చాలామంది డి అన్నారు. కొందరు అప్పటికీ బి అనే అన్నారు. వాళ్లను తిట్టలేదు, మళ్లీ చదవమన్నాడు.

తర్వాత ఆయన వసారాలోకి వచ్చి, గోడ మీది కీలో ఏడో వరసలో బి కొట్టేసి డి రాశాడు. మిగతా రెండు సెంటర్లకు సాయంత్రం తనే వెళ్లి మార్చి వస్తానన్నాడు, గోడతో చెబుతున్నట్టు. పాత పేపర్ల కట్ట తెచ్చి బెంచీ మీద పెట్టాడు. రెండు గదుల బెంచీలూ మధ్యాహ్నం ఒకచోట వెయ్యమన్నాడు. తప్పు నాదే అన్న మాట ఆయన నోట రాలేదు. ఆమె అడగలేదు.

భోజనం గంట కొట్టారు. పిల్లలు డబ్బాలు తీసుకుని వసారాలోకి వచ్చి ఎక్కడివాళ్లక్కడ కింద కూర్చున్నారు. మేస్టారు తన గదిలోకి పోయి డబ్బాతో తిరిగొచ్చాడు. ఎప్పుడూ తలుపేసుకుని తినే మనిషి. చోటు వెతుక్కుంటూ నిలబడితే పాలవాడి కొడుకు జరిగాడు. ఆయన దర్జీ కూతురికి ఎదురుగా చాప మీద మఠం వేసుకుని మూత తీశాడు. తెచ్చినదాంట్లో సగం మూతలో వేసి ఆమె వైపు జరిపాడు. ఆమె తన డబ్బాలోది సగం ఆయన డబ్బాలో పెట్టింది. అందరూ తలలు వంచుకుని తిన్నారు.