లింగం మీది తెలుపు

రోజూ కొళాయి నీళ్లతో అభిషేకం చేసే మా ఇంటి శివలింగం మీద తెల్లటి పొర కడుతుంది. కూతురు పుట్టినప్పుడు వాన నీళ్లతో అభిషేకం చేయిస్తానని మొక్కుకున్నా, ఇన్నేళ్లూ కొళాయి నీళ్లతోనే సరిపెట్టాను. అది నిజంగా విభూతేనా అని నాకు ఏళ్ల తరబడి అనుమానం. పక్కింటి చిన్నక్క మాత్రం సోమవారాల్లో దాన్ని విభూతి అనే గీకి, నొప్పెట్టే మోకాళ్లకు రాసుకునేది.

ఈ ఉదయం గీజర్ బాగుచేయడానికి వచ్చిన మునేష్ పాడైన కాయిల్ చూపించాడు. దాని మీదా అదే తెలుపు.

"కొళాయిలో వచ్చే బోరు నీళ్ల ఉప్పమ్మా ఇది. మన ఊరు కేజీఎఫ్‌లో ఏ ఇంట్లో చూసినా ఇదే ఉండాది," అన్నాడు.

చిన్నక్క నమ్మకం పోతుందేమోనని భయపడుతూనే ఆమెకు చెప్పాను.

"అట్లయితే ఇంగ గీజర్‌కీ దండం పెట్టల్లనా? పోనీలేమ్మా. నొప్పి తగ్గించింది ఉప్పు కాదు, ఆ సామే," అంది.

నా మనసు కుదుటపడింది. చింతపండుతో లింగాన్ని తోమి, మిద్దె మీద పట్టిన వాన నీళ్లతో అభిషేకం చేశాను. కూతురు పుట్టినప్పటి మొక్కు ఇన్నాళ్లకు తీరింది.