పాలు పోసి లేపారు

నేను ఒక ఉల్కను. ఏనాడో పగిలిపోయిన ఒక గ్రహం తాలూకు ముక్కను. మీ సముద్రాల కంటే వయసులో పెద్దదాన్ని కాబట్టి కాస్త పెద్దరికం చూపిస్తే ఏమీ అనుకోకండి. ఆ గ్రహం మీద ప్రాణం ఉండేది. గ్రహం పగిలినప్పుడు అది నా పగుళ్లలో దాక్కుని నాతోపాటు బయల్దేరింది. చలికి ఎండి, గడ్డకట్టి, నిద్రపోయింది. అది నిద్రలో ఉన్నంతకాలం నాకు ఏ బెంగా లేదు.

తిరిగి తిరిగి అనంతపురం వైపు ఒక వేరుశనగ చేలో పడ్డాను. ఆ చేను ఓబుళమ్మది. చినుకు మొహం చూడని ఆ ఊళ్లో నేను పడ్డ సాయంత్రమే వాన కురిసింది. ఇంకేముంది, దేవుణ్ని చేసేశారు! సుక్కలసామి అని పేరు కూడా పెట్టారు. మీ మనుషులకు ఏదైనా అర్థం కాకపోతే ముందు దండం పెడతారు, తర్వాత పాలు పోస్తారు. ఓబుళమ్మ చెంబుల కొద్దీ పోసింది. గోరువెచ్చని పాలు నా పగుళ్లలోకి ఇంకుతుంటే లోపల ఏదో కదిలింది. ఆపు తల్లీ, ఆపు అని అరవాలనిపించింది. రాయికి నోరేదీ?

ఇంతలో అధికారులు జీపేసుకుని వచ్చి నన్ను హైదరాబాదులోని ఒక ప్రయోగశాలకు పట్టుకుపోయారు. అక్కడ నేను ఇందుమతి అనే శాస్త్రవేత్త చేతుల్లో పడ్డాను. భూమ్మీద ప్రాణం ఇక్కడే పుట్టిందా, పైనుంచి వచ్చిందా అన్నదే ఆవిడకు లోకం. "ఏమండీ ఇందుమతిగారూ, మీ పైలోకపు చుట్టాలు ఇంకా దిగలేదా?" అని తోటివాళ్లు ఆటపట్టించేవారు. ఆవిడ నన్ను గాలి చొరబడని గాజుపెట్టెలో పెట్టి, "ఇందులో ప్రాణమంటూ ఉంటే ఈ పెట్టె దాటకూడదు. అది మనల్ని ఏం చేస్తుందో మనకు తెలీదు" అని అందరికీ గట్టిగా చెప్పింది. హమ్మయ్య, తెలివిగలది దొరికింది అనుకున్నాను.

పెట్టెకు అమర్చిన తొడుగుల్లో చేతులు దూర్చి, నా లోపలి నుంచి చిటికెడు పొడి గీకి, నీళ్లలో కలిపి, పెట్టెలోనే ఉన్న సూక్ష్మదర్శినిలో చూసింది. అందులో సన్నని జీవులేవో కదులుతున్నాయి. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. అయినా తొందరపడలేదు. ముందు ఓబుళమ్మకు ఫోన్ చేసింది.

"ఏమ్మా, ఆ రాయి మీద ఏమైనా పోశారా?"

"పోయకుంటే ఎట్ల మ్యాడమ్? పాలు పోసినాం, పసుపునీళ్లు పోసినాం, టెంకాయ నీళ్లు గూడా పోసినాం. సామి గదా!"

ఇందుమతి ముఖం వాడిపోయింది. "పాలల్లోని క్రిములా ఇవి! ఎంత పిచ్చిదాన్ని" అనుకుంది. కాదమ్మా, ఇంకొక్కసారి చూడు, అవి నావే అని నేను లోపల్లోపల మొత్తుకున్నాను. చూసేదేమో కూడా. కానీ అప్పుడే పక్క గదిలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు తన గురించే అనుకుని సిగ్గుతో చచ్చిపోయింది. పెట్టె తెరిచి, ఆ నీళ్లు సింకులో పారబోసి, కుళాయి తిప్పేసింది. నాకు ఒళ్లంతా భయం పట్టుకుంది.

నెల తిరక్కముందే ఓబుళమ్మే ఫోన్ చేసింది.

"మ్యాడమ్, సామిని పెట్టిన తావున గడ్డి మొలవడంలేదు. పాలు పారిన దోవంతా చీమ గూడా తిరగడంలేదు. దినదినానికీ ఆ తావు పెద్దదయితాంది. సామికి కోపమొచ్చినట్టుంది, యెనక్కి పంపిస్తారా తల్లీ?"

ఫోను ఇందుమతి చెవి దగ్గరే ఉంది, చూపు మాత్రం సింకు మీద పడింది. ఆ నీళ్లు ఎప్పుడో మూసీలో కలిసిపోయాయి.

పాపం, ఇన్నాళ్లూ ఆవిడ అడుగుతున్న ప్రశ్నకు జవాబు నా దగ్గరుంది. అవును, మీ ప్రాణం పైనుంచే వచ్చింది. నాలాంటి రాయే ఒకటి తెచ్చి మీ సముద్రంలో పడేసింది. మీరూ, మీ గడ్డీ, మీ చీమలూ అన్నీ దాని సంతానమే. అది వచ్చేనాటికి ఆ నీళ్లలో ఇంకేవో బతుకుతుండేవి. అవి ఎలా ఉండేవో చెప్పడానికి ఒక్కటీ మిగల్లేదు.