దులపని గోతం

సాయంత్రంలోగా పరిశోధన గైడ్ దేవిక మేడమ్‌కి జవాబు చెప్పాలి. నరసరావుపేటలో తండ్రి మౌలాలీ మిర్చి కొట్టు వెనక గదిలో ఫరా లాప్‌టాప్ ముందు దిగాలుగా కూర్చుంది.

ఆకాశంలో ఒకచోట నుంచి గామా కిరణాలు వస్తున్నాయి. అక్కడ ఏముందో ఎవరికీ తెలియదు. పల్సర్ అనే గిరగిరా తిరిగే మృత నక్షత్రం అక్కడ ఎలక్ట్రాన్లను కాంతితో పోటీపడేంత వేగంగా, గాలిలా విసురుతోందని ఫరా నమ్మకం. అదే నిజమైతే అయస్కాంత క్షేత్రంలో సుడులు తిరిగే ఆ ఎలక్ట్రాన్లు ఎక్స్ కిరణాలను వెదజల్లాలి. ఉపగ్రహం అటు చూసి చిత్రం పంపింది. అందులోంచి ఖాళీ ఆకాశపు వెలుగును తీసేస్తే మిగిలింది సున్నా. ఇవాళ కూడా సున్నా అంటే తమకు కేటాయించిన మిగతా ఉపగ్రహ సమయం వేరే బృందానికి పోతుంది. మూడేళ్ల పని గంగలో కలిసినట్టే.

బయట బెల్లంకొండ రైతు బసవమ్మ గొంతు లేచింది.

"ఏంది మౌలాలీ భాయ్, ఇంత తరుగు తీస్తన్నావు? గోతం అంత బరువుంటదా?"

"కాటా అబద్ధం చెప్పుద్దా అక్కా? ఖాళీ గోతమే పెట్టా."

"ఖాళీదంట! మూలల్లో చెయ్యి పెట్టి చూడు. నా కాయలే ఉన్నయ్. నా కాయలు తూచి నా కాయల్లోంచే తీసేస్తన్నావు!"

ఫరా దిగ్గున లేచింది. ఖాళీ ఆకాశమని తను కొలిచింది ఆ చోటు చుట్టూ గీసిన వలయంలోనే. అది ఖాళీయేనా?

"అబ్బాజాన్, గోతం దులిపి తూచు!" అని కేకేసి మళ్ళీ లాప్‌టాప్ ముందు కూర్చుంది.

కొలిచే వలయాన్ని చిత్రం అంచుకు జరిపింది. అక్కడి వెలుగును కొలిచి మళ్ళీ తీసివేసింది. తెరమీద సన్నని మెరుపు, వెనక పొడుగాటి తోక! ఇన్నాళ్లూ ఆ తోకతోనే తోకను చెరిపేసింది. వెంటనే దేవిక మేడమ్‌కి ఫోన్ చేసింది.

"మేడమ్, ఉంది! పల్సర్ గాలి తోకలా సాగింది!"

"ముందు ఊపిరి తీసుకోవే పిల్లా. ఖాళీ ఆకాశం ఎక్కడ కొలిచావు?"

"దూరంగా. చోట్లు మార్చి మార్చి కొలిచా. తోక పోవట్లేదు!"

అవతల మేడమ్ నవ్వింది. "బొమ్మ పంపు. ఆ సమయం ఎవరికీ ఇచ్చేది లేదు."

ఫరా లాప్‌టాప్ ఎత్తుకుని బయటికి పరిగెత్తింది. మౌలాలీ గోతం తిరగేసి దులుపుతున్నాడు. దోసెడు కాయలు బసవమ్మ రాశిలోకి రాలాయి. ఘాటుకు కొట్టంతా తుమ్ములే.

బసవమ్మ కళ్ళు తుడుచుకుని తెరలోకి తొంగిచూసింది.

"ఏమే, ఇదేంది? తొడిమున్న మిరపకాయ!"

"అవును పెద్దమ్మా," అని ఫరా తుమ్మింది. "ఇది కూడా ఖాళీ అనుకున్న చోటే ఇరుక్కుంది."