తండ్రి వేయని కుట్టు

సైనిక శిబిరం గేటుకు ఎదురుగా బూట్లు కుట్టే ఒక పెద్దమనిషి కొట్టు ఉండేది. అతని కుట్టు గురించి చెప్పబోతే నాకే కాస్త అబద్ధం కలపాలనిపిస్తుంది. అతను బాగుచేసిన బూటు ఒకసారి బురదలో దిగబడితే, నలుగురు పట్టి లాగారట. అడుగు ఊడలేదు గాని, లోపలున్న కాలు మూరెడు సాగిందట! నమ్మకపోతే మానేయండి, అతను మాత్రం వచ్చిన ప్రతివాడికీ ఇదే చెప్పేవాడు.

సిపాయి కనిపిస్తే అతనికి పూనకమే. లేచి దండం పెట్టేవాడు, బల్ల తుడిచి కూర్చోబెట్టేవాడు. "మీరు మేలుకుంటేనే బాబూ, మేం కళ్లు మూసేది! మిమ్మల్ని కన్నవాళ్లు ఎంత పుణ్యాత్ములో!" అని వీధంతా వినబడేలా పొగిడేవాడు.

అలాంటివాడి కూతురు ఒకనాడు, "నాన్నా, నేను సైన్యంలో చేరతాను" అంది.

ఇక చూసుకోండి, ఆ ఇంట్లో సంత మొదలైంది. పొద్దున "అక్కడ చలి" అన్నాడు. మధ్యాహ్నం "అక్కడ ఎండ" అన్నాడు. సాయంత్రానికి, "నీ నిద్ర సంగతి నాకు తెలియదా? శత్రువు మంచంతో సహా ఎత్తుకుపోయినా లేవవు" అన్నాడు.

"మరి ఆ సిపాయిలకు చలీ ఎండా ఉండవా నాన్నా?"

"వాళ్ల సంగతి వేరే."

"ఏమిటా వేరే?"

"వేరే అంటే వేరే! నీతో నాకు వాదనేమిటి?"

తల్లికి విసుగెత్తింది. "అబ్బబ్బా! వద్దనుకుంటే ఎందుకు వద్దో తిన్నగా చెప్పు. నీ నసుగుడు వినలేక చస్తున్నాను!"

అతను పని ఉందంటూ కొట్టులోకి జారుకున్నాడు. సైన్యంలో చేరేవారికి పెట్టే పరుగు పరీక్ష దగ్గరపడింది. అప్పుడే కూతురి బూటు అడుగు ముందువైపు ఊడింది. "గట్టిగా కుట్టిపెట్టు నాన్నా, ఎల్లుండే పరుగు" అని అతని ముందు పెట్టి వెళ్లింది. అతను దారం తీశాడు, మైనం రాశాడు, సూది పట్టాడు. మళ్లీ అన్నీ పక్కన పెట్టేశాడు. అడుగుకు జిగురు మాత్రం రాసి అంటించి, పైన నల్లరంగు పూసి ఇచ్చేశాడు. బూటు ఊడితే పరుగు పోతుంది, పరుగు పోతే పిల్ల ఇంట్లో ఉంటుందని అతని ఎత్తు.

ఎత్తు పారింది. సగం దారిలో బూటు మొసలిలా నోరు తెరిచింది. పిల్ల దాన్ని ఊడబెరికి చేత్తో పట్టుకుని, నెత్తురోడే పాదంతో గీత దాటింది గాని, అప్పటికే గడువు మించిపోయింది. వచ్చే విడతకు రమ్మన్నారు.

కొట్టు వెనకే ఉన్న ఇంటికొచ్చి ఆ బూటు తిరగేసి చూసింది. బూట్లు కుట్టేవాడి బిడ్డ కదా! కుట్టు తెగితే పోగులు మిగలాలి. కొత్త పోగు ఒక్కటీ లేదు, ఎండిన జిగురు తప్ప. తల్లికి చూపించింది. ఏడవలేదు, అరవలేదు. కుంటుకుంటూ వీధి దాటి, కుట్టు నిలవదని తండ్రి ఏళ్ల తరబడి "జారుకుట్టువాడు" అని వెక్కిరించే, గేటు పక్కన బూట్లు కుట్టేవాడి ముందు కూర్చుని బూటు అందించింది.

సరిగ్గా అప్పుడే ఒక సిపాయి తన బూట్ల కోసం వచ్చాడు. తండ్రి అలవాటుగా, "మిమ్మల్ని కన్నవాళ్లు ఎంత పుణ్యాత్ములో బాబూ..." అని అందుకున్నాడు.

తల్లికి ఒళ్లు మండింది. "ఇక ఆపు! ఆ పుణ్యం మన గుమ్మంలోకి వస్తే జిగురుతో సరిపెట్టావుగా! ఈ అబ్బాయి బూటుకు ఎన్ని వరసలు కుట్టావు?"

"రెండు."

"కన్నకూతురికి?"

సిపాయి నెమ్మదిగా అన్నాడు: "నేను బయల్దేరిన రోజు మా నాన్న గడప దాటి రాలేదండీ. ఇప్పటికీ మాట్లాడడు. ఆయన్ని మీరు పుణ్యాత్ముడంటుంటే ఏం చెప్పాలో తెలియక ఊరుకునేవాణ్ణి."

తండ్రి తలవంచుకుని వీధి దాటాడు.

"ఇటివ్వమ్మా, నేను కుడతాను."

"వద్దులే నాన్నా."

"నీ మీద కోపం కాదే తల్లీ... భయం."

"ఆ మాటేదో మొదటే అనొచ్చుగా! చలట, ఎండట, మంచమట! భయమంటే నీ పక్కన కూర్చుని వినేదాన్ని. నీ బిడ్డనే పరుగులో పడగొడతావా?"

జారుకుట్టువాడు నవ్వాపుకుంటూ దారం లాగుతున్నాడు. తండ్రి అక్కడే నేలమీద కూలబడ్డాడు. సిపాయికీ జారుకుట్టువాడికీ కూడా వినబడేలా ఇలా అన్నాడు: "పరాయిబిడ్డ కాపలా కాస్తే దండం పెట్టి, సొంతబిడ్డ బయల్దేరితే కాళ్లకు అడ్డం పడ్డాను. ఇది దేశం మీద ప్రేమా కాదు, బిడ్డ మీద ప్రేమా కాదు. భయముంటే బిడ్డతో చెప్పుకోవాలి గాని, బిడ్డ దారి తవ్వేయకూడదు."